మా చెల్లెలి కోటుజేబు

ఊరగాయలను గూర్చియు, పిల్లల జలుబు దగ్గులను గూర్చియు ఈ పత్రికకు వ్రాయుట కలవాటుపడిన మేము, ఈ మాసమున పిస్తోలును గూర్చి వ్రాయబూనుట సోదరీమణులకు వింతగా దోపవచ్చును. మాకును వింతగనే యున్నది. పుట్టినింట తండ్రిగారి యొద్ద పురాణములును ప్రబంధములును చదువుకొని, మెట్టినింట బడిపంతులుగారి సంసారము దిద్దుకొనుచున్న మాకు ఆయుధమనగా పద్యములలోని గాండీవమే గాని వేరొండు తెలియదు. అయినను 2023వ సంవత్సరమున వేసవి మొదలుకొని నాలుగు నెలలు అమెరికాలో మా చెల్లెలి యింట నుండి, అరచేతిలో నిముడు పిస్తోలులలో ఏది తేలిక, ఏది బరువు, ఏది జేబులో నిలుచును, ఏది నిలువదు అను విచారణలో మునిగి తేలి వచ్చితిమి. ఆ కథను బంధువులు కొందరు తమకు దోచినట్లు చెప్పుకొనుచున్నారని విని, జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము.

మా చెల్లెలు టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు ఉత్తరపు దిక్కున నున్న యొక చిన్న యూరిలో మందుల దుకాణమున పని చేయుచున్నది. మా మరది అచ్చటనే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఉద్యోగరీత్యా ఆయన వారమునకు మూడు రాత్రులు పరస్థలములందుండును. వారికి మూడేండ్ల కుమారుడు. దుకాణము రాత్రి పది గంటలకు మూయుదురు. దుకాణపు తలుపునకును కారు నిలుపు చోటునకును నడుమ అరువది యడుగులున్నవి. ఆ యేడు ఫిబ్రవరిలో నొక రాత్రి ఎవడో ఆ యరువది యడుగులును చెల్లెలి వెంబడి నడచి, ఆమె కారులో గూర్చుండి తలుపు వేసికొనగానే అద్దముపై పిడికిటితో మోది, ఏమో గొణుగుచు కొంతసేపు నిలిచి, తుదకు వెడలిపోయెనట. పోలీసువారు వచ్చిరి, వ్రాసికొనిరి, పోయిరి. జరిగిన దింతే. కాని నాటినుండి చెల్లెలికి నిద్దుర లేదు. మేము విమానము దిగిన రెండవ నాటి రాత్రి, పిల్లవాడు నిద్రించిన పిమ్మట, "అక్కా, నేనొక చిన్న పిస్తోలు కొనుక్కొందును. నీ వడ్డు చెప్పకు" అన్నది.

మరునాడు మరది ఒంటరిగా మాయొద్దకు వచ్చి, "వదినగారూ, ఆ వస్తువు మన యింటిలోనికి రాకూడదు. మీరైనను చెప్పండి" అనెను. ఆయన కోపించి యన్న మాట కాదది. ఆయన పదునొకండేండ్ల బాలుడై యుండగా, 1999వ సంవత్సరమున, కొలరాడో రాష్ట్రములోని కొలంబైను అను పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో ప్రవేశించి పదుముగ్గురిని చంపిరి. ఆ వార్త విన్న మరునాడు బడికి పోవుటకు భయపడి మంచముక్రింద దాగితినని ఆయన మాతో చెప్పెను. ఆ భయము ముప్పదియైదేండ్ల వయసునను ఆయన గొంతులో నుండెను. చెల్లెలి భయము నిన్న మొన్నటిది, ఆయన భయము చిన్ననాటిది. రెండును నిజములే యగుటచే మే మెవ్వరి పక్షమును బూనలేక, "ముందుగా చూతము, పిదప మాటలాడుదము" అని కాలము గడపితిమి.

ఆ రాష్ట్రపు చట్టము మనకు చాల వింతగా నుండును. 2021వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి, ఇరువదియొక్కయేండ్లు నిండి, చట్టరీత్యా తుపాకి యుంచుకొన నర్హులైనవారు అచ్చట లైసెన్సు లేకయే పిస్తోలు ధరించి తిరుగవచ్చును. పని వీసాలపై నున్న మనవారికి మాత్రము, వేట లైసెన్సు వంటి మినహాయింపు లున్ననే తప్ప, ఈ యధికారము లేదు. చెల్లెలు స్థిరనివాసము పొందినది గనుక ఆమెకు గలదు. మావలె చుట్టపు చూపుగా వచ్చినవారు చేత బట్టుటయే నేరము. కావున ఈ కథలో మే మొక్క పిస్తోలునైనను ముట్టలేదు. చూచితిమి, కొలిచితిమి, కుట్టితిమి.

దుకాణపు యజమాని వృద్ధుడు. చెల్లెలు దాపరికము లేక ఆయన ననుమతి యడుగగా, మొదట తల యడ్డముగా నూపి, పదిదినములు గడచిన పిమ్మట రెండు నియమములు పెట్టెను. చట్టమున కక్కరలేకపోయినను రాష్ట్రపు లైసెన్సు పరీక్షలో నెగ్గి రావలెను. పని చేయునంతసేపును పిస్తోలు ఒంటిమీదనే యుండవలెను గాని చేతిసంచిలో గాని, అరలో గాని, బల్లక్రింద గాని పెట్టరాదు. ఈ రెండవ నియమమువలననే మా చర్చయంతయు జేబుచుట్టు దిరిగినది.

ఆయుధముల యంగడిలో మమ్మెదుర్కొన్నది తల నెరసిన యొక స్త్రీ. ఆమె చెల్లెలిని "ఎట్టి పిస్తోలు కావలెను?" అని యడుగక, "నీ జేబు చూపుము" అని యడిగెను. చూపగా నవ్వెను. ఆడువారి దుస్తులు కుట్టువారు జేబు పెట్టుటలో నెంత పిసినారులో ఆనాడు తెలిసికొంటిమి. చెల్లెలి లాగుజేబు మా నాలుగు వ్రేళ్ల లోతు గూడ లేదు. చీరకట్టిన మాకైతే ఆ పిసినారి జేబును లేదు. బొడ్డులో దోపుకొనుటకు తాళపుచెవులే మనకు చాలును.

ఆమె మూడు పిస్తోలులు వరుసగా బల్లపై బెట్టెను. మొదటిది రూగరువారి చిన్న పిస్తోలు. పొడవు 13 సెంటీమీటర్లు, ఎత్తు 9, మందము 2. ఖాళీగా నున్నప్పుడు బరువు ఇంచుమించు 270 గ్రాములు. రెండవది స్మిత్ అండ్ వెస్సన్ వారి 642 అను రివాల్వరు. అల్యూమినియపు చట్రము, అయిదు తూటాలు, ఇంచుమించు 415 గ్రాములు. మూడవది సిగ్ వారి 365. ఇది 2018లో వెలువడినది. పది తూటాలు పట్టును, ఇంచుమించు 500 గ్రాములు. పుస్తకములలో వ్రాయు ఈ బరువులు ఖాళీ పిస్తోలువి. తూటాలు నింపిన పిమ్మట మొదటిది 330కి, రెండవది 490కి, మూడవది 630కి చేరునని లెక్క కట్టితిమి. ఖాళీ బిందెను తూచి నీటి బిందెను మోయించునట్లున్నది ఈ వ్యవహారము.

ఇంటికి వచ్చి మేమొక పని చేసితిమి. పాత కాన్వాసుగుడ్డతో మూడు చిన్న సంచులు కుట్టి, ఒకదానిలో 330 గ్రాములు, ఒకదానిలో 490, మరియొకదానిలో 630 గ్రాములు కందిపప్పు పోసి మూతులు బిగించితిమి. "ఒక్కొక్కటి మూడేసి దినములు జేబులో మోసి చూడుము. పది గంటలు నిలిచి పని చేయుదానవు, ఊరక చేతబట్టి చూచిన నేమి తెలియును?" అంటిమి. చెల్లెలు నవ్వినను అట్లే చేసినది. మొదటి సంచిని మధ్యాహ్నమునకే మరచిపోయితి ననెను. రెండవది సాయంకాలమునకు కోటును ఒకవైపునకు లాగి మెడ నొప్పి పుట్టించెను. మూడవది రెండవనాడే జేబు కుట్టు విప్పుకొని, మందుల బల్లమీద బడి పప్పు చెదరినదట. యజమాని యది యేమని యడిగిన చెల్లెలు చారు పప్పని చెప్పవలసి వచ్చెను. ఇట్లు మూడవది తొలగెను. మొదటిదే తగినదని మేమిద్దరము నిశ్చయించుకొంటిమి.

ఆ నిశ్చయము గురి నేర్చుకొను శాలలో నిలువలేదు. అచ్చట పిస్తోలులు అద్దె కిత్తురు. మేము అద్దము వెనుక గూర్చుండి చూచితిమి. ఆ చిన్న పిస్తోలునకు మొదటి తూటా నెక్కించుటకు పైనున్న ఉక్కు తొడుగును వెనుకకు లాగవలెను. దానిలోని స్ప్రింగు బిర్రుగా నుండుటచే చెల్లెలి వ్రేళ్లు జారెను. ప్రేల్చినప్పుడు అది బొటనవ్రేలి మొదట కొరడాతో కొట్టినట్లు తన్నెను. ఇరువది తూటాలలో తొమ్మిది మాత్రము గురిని దాకినవి. తరువాత నామె కన్నుమూసికొని ప్రేల్చుట మాకు స్పష్టముగా గనబడెను. దెబ్బకు వెరచి ముందే కన్ను మూసిన చేతికి గురి యెక్కడిది?

మావారు ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రము చెప్పుదురు. ఆ రాత్రి ఫోనులో సంగతి చెప్పగా వారు పాఠమునకే దిగిరి. పడవనుండి ఒడ్డునకు దుమికినచో పడవ వెనుకకు పోవును. పడవ యెంత చిన్నదైన నంత వడిగా పోవును. తూటా యదే యైనప్పుడు పిస్తోలు బరువు సగమైనచో వెనుకకు తన్ను వేగము రెట్టింపగును, చేయి సైపవలసిన శక్తియు రెట్టింపగును. "మోయుటకు సుఖమైనది ప్రేల్చుటకు కష్టము, ప్రేల్చుటకు సుఖమైనది మోయుటకు కష్టము. పది గంటల మోతకు కొనుచున్నదా, పది క్షణముల యాపదకు కొనుచున్నదా, ముందుగా నడుగుము" అనిరి. వారికి పిస్తోలన్న నిష్టము లేదు. కాని ప్రశ్న సరిగా వేయనివారన్న నంతకంటె నిష్టము లేదు.

మరుసటి వారము రివాల్వరును ప్రయత్నించిరి. అందు లాగవలసిన తొడుగు లేదు. అయిదు తూటాలను చక్రములో నమర్చి మూసిన జాలును. మీట మిక్కిలి గట్టిది. లాగుటకు అయిదు కిలోల బరువెత్తునంత బలము గావలెను. మొదట మాకది దోషముగా దోచెను గాని, అంగడి స్త్రీ చెప్పిన మాట సబబైనది. జేబులో నుండు ఆయుధమునకు మీట గట్టిగా నుండుటయే మేలు. ఏమరుపాటున తగిలిన వ్రేలికి అది లొంగదు. సుత్తి లోపల దాగియుండుటచే బయటికి దీయునప్పుడు గుడ్డకు తగులుకొనదు. ఇట్లు సుత్తి దాచిన రివాల్వరులను ఆ సంస్థ 1887లోనే చేసెనట. 1902 మొదలు 1921 వరకు స్త్రీల చేతికి తగునట్లు లేడీస్మిత్తు అను మరింత చిన్నవానిని గూడ అమ్మిరి. జేబుపిస్తోలు చరిత్రమంతయు నింత సౌమ్యమైనది కాదు. 1865లో అబ్రహాము లింకనును నాటకశాలలో చంపినది ఫిలడెల్ఫియాలోని హెన్రీ డెరింజరు చేసిన యట్టి చిన్న పిస్తోలే, ఒక్క తూటాది. అరచేతిలో దాగునది రక్షించువానికెంత యనుకూలమో ద్రోహికిని అంతే యనుకూలము గదా.

లైసెన్సు పరీక్షలో ఏబది తూటాలు ప్రేల్చవలెను. మూడు గజముల దూరమునుండి ఇరువది, ఏడు గజములనుండి ఇరువది, పదునైదు గజములనుండి పది. 250 మార్కులకు 175 వచ్చిన నెగ్గినట్లు. చెల్లెలు చిన్న పిస్తోలుతో 161 తెచ్చుకొని తప్పినది. నెల దినములు వారమున కొకమారు సాధనచేసి, రివాల్వరుతో 213 తెచ్చుకొన్నది. కందిపప్పు పరీక్షలో నెగ్గినది ఒకటి, తూటాల పరీక్షలో నెగ్గినది మరియొకటి! 490 గ్రాములకు మెడ నొచ్చుట పిస్తోలు తప్పు గాదు, కోటు తప్పని మేము తీర్మానించితిమి. బరువంతయు జేబు అడుగున వ్రేలాడక భుజమునుండి దిగునట్లు, లోపలి ప్రక్కను భుజపు కుట్టునుండి జేబువరకు రెండంగుళముల కాన్వాసుపట్టీ వేసి, జేబును పదునారు సెంటీమీటర్ల లోతునకు మార్చి కుట్టితిమి. మెడనొప్పి చాలవరకు పోయెను. ఈ యొక్క పనియందు మాత్రము మే మంగడివారికంటె నధికులము.

జేబునకు గూడ మర్యాద లున్నవి. పిస్తోలు నేరుగా జేబులో వేయరాదు. మీటను పూర్తిగా గప్పు తోలు ఒరలో నుంచవలెను. ఒర వెలుపల గరుకుగా నుండిన, పిస్తోలు దీసినప్పుడు అది జేబులోనే నిలుచును. పైనుండి చూచువారికి ఆకారము దెలియదు. ఆ జేబులో చేతిరుమాలు, తాళపుచెవి, నాణెము, ఏదియు నుండరాదు. తాళపుచెవి మీటలో దూరుట చాలును ప్రమాదమునకు. నూలుపోగులు చేరును గనుక పక్షమున కొకమారైనను తుడువవలెను. మన యిండ్లలో దీపపు కుందులు తోమునట్లే యిదియును.

ఇన్ని చెప్పుకొన్న పిమ్మట మేము చెల్లెలి నొక ప్రశ్న యడిగితిమి. కారులో గూర్చుండి నడుముపట్టీ బిగించుకొని, జేబులోని పిస్తోలు దీసి చూపుమంటిమి. కోటు తొడక్రింద జిక్కి, పట్టీ యడ్డమై, ఆమె తీయలేకపోయెను. "ఆ రాత్రి వాడు అద్దముపై మోదినప్పుడు నీవు గూర్చుండియే యుంటివి గదా" అంటిమి. ఆమె చాలసేపు స్టీరింగుపై చేతులుంచి యూరకుండెను. "అవును. ఆ రాత్రి నన్ను కాపాడినది తలుపు తాళమే" అని, మరల "కాని అక్కా, ఆ యరువది యడుగులు నేను నిలుచుండియే నడచితిని" అన్నది. దానికి మాయొద్ద సమాధానము లేదు. నేటికిని లేదు.

జులైలో నొకనాటి మధ్యాహ్నము పిల్లవాడు కుర్చీ జరుపుకొని యెక్కి, కొక్కెమునకు దగిలించిన మా చేతిసంచి విప్పి, అమృతాంజనపు సీసా మూత దీసి కంటికి పులుముకొనెను. వాని యేడుపునకు ముగ్గురము పరుగెత్తి, గంటసేపు కన్ను కడుగుచుంటిమి. కుర్చీ జరుపుట వానికెప్పుడు వచ్చెనో మాలో నెవ్వరికిని దెలియదు. వాడు శాంతించిన పిమ్మట మరది మెల్లగా, 2014వ సంవత్సరము డిసెంబరులో ఐడాహో రాష్ట్రమున నొక యంగడిలో జరిగిన సంగతి చెప్పెను. రెండేండ్ల బిడ్డ తల్లి చేతిసంచి విప్పి, అందున్న పిస్తోలు దీసి, తల్లినే కాల్చెను. ఆమె పిస్తోలు పట్టుట నేర్చినదే, లైసెన్సు గలదే; ఆ సంచి పిస్తోలుకొరకు ప్రత్యేకముగా అరతో కుట్టినదే. అంతకు ముందొకనాడు మరది పరిహాసముగా చెల్లెలిని సత్యభామ యని పిలువగా నామె ప్రీతితో నవ్వియుండెను. ఆ మధ్యాహ్నము మాత్రము, "గరుడునిమీద సత్యభామ ప్రక్కను మూడేండ్ల పిల్లవాడు లేడు" అని లోపలికి బోయెను.

మాకు జమ్మిచెట్టు జ్ఞప్తికి వచ్చినది. విరాటుని కొలువునకు బోవుచు పాండవులు ఆయుధములను మూటగట్టి, శవమని లోకులు భ్రమించునట్లు జమ్మిచెట్టు కొమ్మకు గట్టిరి. శత్రువునకు వెరచి దాచుట యొకటి. తెలియనివాడు, పసివాడు ముట్టకుండ వెరపు గొల్పుట యంతకంటె దొడ్డ యోచన. చిన్ననాడు ఈ కథ విన్నప్పుడు శవము మాట యెందుకని తండ్రిగారి నడిగితిమి. "పిల్లలు చెట్లెక్కుదురు గదమ్మా" అనిరి. మేమీ మాట చెప్పగా మరది తల పంకించి, బయటికి బోయి, సాయంకాలమునకు ఉక్కుపెట్టె నొకదానిని కొనివచ్చెను. నాలుగంకెలు నొక్కిన గాని తెరచుకొనదు. బీరువాలో పైయరన గోడకు రంధ్రములు తొలిచి, మరలతో తానే బిగించెను. "వదినగారూ, నేనింకను ఒప్పుకొనలేదు. పెట్టె మాత్రము బిగించుచున్నాను" అని మాతో ననుచు బిగించెను. ఇంటికి రాగానే, పిల్లవాని నెత్తుకొనుటకు ముందు, జేబునుండి పెట్టెలోనికి. ఇది వారిద్దరును గలసి పెట్టుకొన్న నియమము. అచ్చటి చట్టము ప్రకారమును, పదునేడేండ్లలోపు బిడ్డ చేతికి జిక్కునట్లు తుపాకి నుంచినవారు శిక్షార్హులు.

మన దేశమున నిట్టి యంగళ్లు లేవు, ఉండవలెనని మేమనము. ఇచ్చట 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక పిస్తోలు తాకరాదు. కారణము చూపి, పోలీసు విచారణ ముగిసిన పిమ్మట గాని లైసెన్సు రాదు. అయినను మనలో నీ యాలోచన లేకపోలేదు. 2012 డిసెంబరున ఢిల్లీలో జరిగిన ఘోరమునకు పిమ్మట, 2014లో కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారమువారు స్త్రీలకొరకని నిర్భీక్ అను రివాల్వరును వెలువరించిరి. బరువు అరకిలో, నాటి వెల లక్షా ఇరువది వేల రూపాయలకు పైన! బస్సుకొరకు చీకటిలో నిలుచు ఆడుపిల్లలలో నెందరియొద్ద లక్షా ఇరువది వేలుండునో ఆ కర్మాగారమువారికే తెలియవలెను. వీధిదీపమునకు అంత వెల కాదని మాకు దోచును.

దీపమన్న జ్ఞప్తికి వచ్చినది. చెల్లెలి యజమాని ఆ యరువది యడుగుల చోట రెండు పెద్ద దీపములు పెట్టించెను. కారును తలుపు ప్రక్కనే నిలుపుకొమ్మనెను. ఇది ఫిబ్రవరిలోనే చేసియుండవచ్చును గదా యని మాకు కోపము వచ్చెను గాని, అతిథులము గనుక నోరు మెదపలేదు.

మేము తిరిగి వచ్చుటకు వారము ముందు లైసెన్సు వచ్చినది. చెల్లెలు ఆ నెరసిన తల స్త్రీ యొద్దనే 642 రివాల్వరును కొన్నది. ఒక పత్రము నింపిరి, విచారణ జరిపిరి, కొలది నిమిషములలో చేతి కిచ్చిరి. మనయింట రేషనుకార్డు మార్చుకొనుటకు పట్టిన కాలము తలచి మే మాశ్చర్యపడితిమి. మరది ఆనాడు పరస్థలమునకు బోలేదు. పెట్టె అంకెలు ఇద్దరును గలసి పెట్టుకొనిరి. మాకు చెప్పబోగా మేము వలదంటిమి.

చలికాలమున చెల్లెలు ఫోను చేసి, ఉన్నికోటునకు గూడ జేబు మార్పించవలెను, కొలతలు చెప్పుమన్నది. లోతు పదునారు సెంటీమీటర్లు, వెడల్పు పదునాలుగు, భుజమునుండి రెండంగుళముల పట్టీ యని చెప్పితిమి. నిద్దుర పట్టుచున్నదా యని యడుగగా, కొన్ని రాత్రులు పట్టుచున్నదనెను. పిల్లవాడు బాగున్నాడా యంటిమి. బడిలో వేసిరట, అంకెలు దిద్దుచున్నాడట. పదివరకు తప్పులేక చదువుచున్నాడని సంతోషముతో చెప్పి, ఒక్క నిముష మాగి, "పెట్టె అంకెలు నిన్ననే మార్చితిని అక్కా" అన్నది.